లెక్కలో రాత్రిని కలపండి

పెద్దలందరికీ నమస్కారం. అక్టోబరు 1ని వృద్ధుల దినంగా ఐక్యరాజ్యసమితి 1990లో ప్రకటించింది కాబట్టి ఇవాళ ఇక్కడ కూర్చున్నాం. నాకున్న తొందర వేరు. పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజులొచ్చాయి. హైదరాబాదు నుంచీ చెన్నై నుంచీ పిల్లలు విజయనగరం వస్తారు. మంచాన పడ్డ అమ్మకి ఇంట్లో మనిషిని పెట్టాలా, వృద్ధుల హోమ్‌లో చేర్చాలా అన్నది ఆ రెండు రోజుల్లోనే తేల్చేసి రైలెక్కేస్తారు. ఈలోపు మీ చెవిన ఒక మాట వెయ్యాలి.

అందరూ ముందు అడిగేది ‘నెలకి ఎంతవుతుంది?’ అని. దానికన్నా ముందు అడగాల్సింది, రాత్రి ఎన్నిసార్లు లేవాలని. మంచం పక్కన నోట్‌బుక్ పెట్టండి. 3 రోజులపాటు, సాయం చేసిన ప్రతిసారీ టైము, ఎంతసేపు పట్టింది, ఎంతమంది పట్టారు అన్నవి రాయండి. రోజుకి 4 గంటల సాయంతో గడిచి, రాత్రి ఒక్కసారి లేచే మనిషికి ఇల్లే మంచిది, ఖర్చూ తక్కువ. తుంటి ఎముక ఆపరేషనై నడక కూడదీసుకుంటున్న వారికీ అంతే. పొద్దున 2 గంటలు, సాయంత్రం 2 గంటలు పని తెలిసిన మనిషి వస్తే చాలు.

పక్క తిప్పడానికే ఇద్దరు కావాలంటే లెక్క మారిపోతుంది. 12 గంటల డ్యూటీకి రోజుకి 700 అన్నారనుకోండి, నెలకి 21,000. రాత్రికి ఇంకో మనిషి, మొత్తం 42,000. అప్పటికీ పక్క తిప్పేటప్పుడు రెండో చెయ్యి ఇంట్లోవాళ్ళే వెయ్యాలి. ‘ఒక్క మనిషే 24 గంటలూ ఉంటుంది’ అని చెప్పేవారిని ఒక్కటే అడగండి, ఆమె ఎప్పుడు పడుకుంటుంది?

పడుకోవాలి, ఆమెదీ ఒళ్ళే. కానీ ఆమె నిద్రపోయిన ఆ 6 గంటల్లోనే పుండు పడుతుంది. దీని గురించి రెండు నిమిషాలే అనుకున్నాను గానీ ఎక్కువే పడుతుంది, ఓపిక పట్టండి.

ఎముక పరుపుకి ఆనిన చోట, అంటే నడుం కింద, తుంటి పక్కన, మడమల దగ్గర, బరువుకి రక్తం అందదు. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఇంకా చెయ్యి దాటలేదు. నొక్కినా ఎరుపు పోకపోతే లోపల దెబ్బ మొదలైనట్టే. నల్లని ఒంటి మీద ఎరుపు తెలీదు. తడిమి చూడండి, వేడిగానో గట్టిగానో తగులుతుంది. అక్కడ నూనె రాసి మర్దనా చెయ్యకండి, దెబ్బతిన్న కండ ఇంకా నలుగుతుంది. కన్నమున్న రింగు దిండూ వద్దు, చుట్టూ నొక్కి మధ్యకి రక్తం ఆపేస్తుంది.

2 గంటలకోసారి పక్క మార్చాలి. పూర్తిగా ఒత్తిగిలి కాదు, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలులో. పిక్కల కింద ఇంకో దిండు, మడమలు గాల్లో ఉండాలి. మనిషిని ఈడ్చకండి, కింద మడత దుప్పటి వేసి ఇద్దరూ ఎత్తి జరపండి. నులక మంచం మీద ఇదేదీ కుదరదు, ఒళ్ళు గుంటలోకి జారిపోతుంది.

‘ఎయిర్ బెడ్ కొన్నాం కదండీ’ అంటారు, కరెంటుతో గాలి ఆడే పరుపు. దాని మీద బొంత, బొంత మీద రబ్బరు షీటు, ఆపైన దుప్పటి! ఇక ఆ గాలి పని ఒంటికెలా చేరుతుంది? ఒక్క పలచని దుప్పటి చాలు. బెడ్ ఉన్నా పక్క మార్చడం తప్పదు.

కరెంటు పోతే ఆ గాలీ దిగిపోతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. ఆ తర్వాత మన ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి, మర్చిపోయారా? 5 లీటర్ల ఆక్సిజన్ మిషన్ 350 వాట్ల దాకా లాగుతుంది. 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ ఒక్కటుంటే సుమారు 3 గంటలు నడుస్తుంది. 1500 లీటర్ల ఆక్సిజన్ సిలిండరు నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండున్నర గంటలు వస్తుంది. తుపాను కబురు రాగానే నిండు సిలిండరు ఇంట్లో ఉండాలి.

ముక్కు గొట్టంతో ఆహారమిచ్చే ఇళ్ళవారికి ఒక్కమాట. చోడి (రాగి) అంబలి వడగట్టకుండా పొయ్యకండి, గొట్టం పూడుకుపోతుంది. తల ఎత్తి ఉంచండి, పోశాక కనీసం అరగంట దించకండి.

డబ్బు సంగతి. 70 ఏళ్ళు దాటినవారికి కేంద్రం ఇచ్చే వైద్య ఖర్చుల కార్డు, వయ వందన కార్డు ఉంది, ఏడాదికి 5 లక్షల దాకా. అది ఆస్పత్రిలో చేరితేనే, ఇంట్లో పెట్టుకున్న మనిషి జీతానికి రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకి 4,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. మంచాన పడ్డా వృద్ధాప్య పింఛనే తీసుకుంటుంటే మీ ఊరి సచివాలయంలో అడగండి.

ఇంకొక్కటి. మీ నోట్‌బుక్‌లో కోడలు లేచిన రాత్రులకి సున్నా వేస్తున్నారు. కుట్టుమిషన్ పని మానేసి అత్తగారి దగ్గర కూర్చుంది, ఆ పోయిన సంపాదన ఖర్చు కాదా? ఆమెకి నడుం పట్టేస్తే అప్పుడు ఇద్దరు రోగులు. ఆమె గంటలకీ డబ్బు కట్టి, అప్పుడు హోమ్ ఫీజుతో పోల్చండి. చాలా ఇళ్ళల్లో అప్పటికీ ఇల్లే నయమని తేలుతుంది. కొన్నిట్లో తేలదు, వాళ్ళని ఎవరూ మాట అనకూడదు.

పథకాల గురించి ఇంకో రెండు పేజీలు రాసుకొచ్చాను, ఇక చదవను. ఆ మూల మంచం, 3 దిండ్లు, ఒక దుప్పటి పెట్టించాను. పక్క తిప్పడం చూపిస్తాను, ఇద్దరిద్దరుగా రండి. కొడుకులు ముందు రండి బాబూ, అమ్మలు తర్వాత.