కాలిన్‌వుడ్ కథలో తెగని చిక్కుముడులు

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో ఏబీసీ టెలివిజన్ సంస్థ 1966 జూన్ 27 నుంచి 1971 ఏప్రిల్ 2 వరకు పగటిపూట ప్రసారం చేసిన ‘డార్క్ షాడోస్’ ధారావాహికకు నేను అభిమానిని. అందులోని కథ ఎక్కడెక్కడ పొసగదో, అందులో ఏది క్షమించగలనో, ఏది క్షమించలేనో ఈ ప్రసంగంలో మీకు చెబుతాను.

డాన్ కర్టిస్ రూపొందించిన ఈ కథ మెయిన్ రాష్ట్రంలోని కాలిన్స్‌పోర్ట్ అనే కల్పిత పట్టణంలో, కాలిన్‌వుడ్ అనే భవంతిలో నడుస్తుంది. ఆదరణ అంతంతమాత్రంగా ఉన్న దశలో, 1967 ఏప్రిల్‌లో, గొలుసులు బిగించిన శవపేటికలోంచి బార్నబస్ కాలిన్స్ అనే రక్తపిశాచిని బయటికి తీసుకువచ్చారు. ఇంగ్లండు నుంచి వచ్చిన దూరపు చుట్టాన్నని అతడు చెప్పుకుంటాడు. అతడి పోలికలతోనే ఉన్న పూర్వీకుడి చిత్రపటం ఆ ఇంటి గోడమీదే వేలాడుతున్నా, అతడు పగటివేళ ఎవరి కంటా పడకపోయినా, ఇంటివాళ్ళకు అనుమానం రాదు. ఇది నాకు లోపంగా తోచదు. అయినవాళ్ళు కరువైన ఆ కుటుంబం, మర్యాద తెలిసిన బంధువు ఒకడు గుమ్మంలోకి వస్తే ప్రశ్నించకుండా అక్కున చేర్చుకోవడం సహజమేననిపిస్తుంది.

ఆ ఇంటి యజమానురాలు ఎలిజబెత్ కథ మరీ విచిత్రమైనది. భర్త పాల్‌ను తానే చంపానన్న నమ్మకంతో ఆమె 18 ఏళ్ళు ఇల్లు కదలదు. ఆ రహస్యాన్ని అడ్డుపెట్టుకుని జేసన్ మెగ్వైర్ అనే మోసగాడు ఆమెను బెదిరిస్తాడు. చివరికి నేలమాళిగలో తవ్వి చూస్తే శవం ఉండదు. ఆ తరువాత 1969లో పాల్ ప్రాణాలతో తిరిగివచ్చినప్పుడు ఆ పాత్రను పోషించినది, జేసన్‌గా నటించిన డెనిస్ పాట్రిక్కే. ఒకే నటుడికి అనేక పాత్రలివ్వడం ఈ సీరియల్‌లో మామూలే అయినా, మోసగాడి ముఖాన్నే భర్తకు తగిలించడం మాత్రం నన్ను నిజంగా తికమకపెట్టింది.

కాలగణనలోని తేడాలు ఇంకొక ఎత్తు. బార్నబస్ ప్రేయసి జోసెట్ విషాదాన్ని మొదట్లో 1830 ప్రాంతానికి ముడిపెట్టి, 1967 నవంబరులో విక్టోరియా వింటర్స్ అనే యువతి గతంలోకి వెళ్ళేసరికి 1795కు జరిపారు. ప్రేతాత్మను పిలిచే తంతులో కూర్చున్న విక్టోరియా అక్కడికక్కడే మాయమై, ఆమె చోట ఫిలిస్ విక్ అనే ఆనాటి స్త్రీ ప్రత్యక్షమవుతుంది. గతంలో నెలలు గడిచి, మంత్రగత్తెవన్న నేరం మోపి ఉరితీసే క్షణంలో విక్టోరియా తిరిగివచ్చేసరికి, ఇక్కడ ఆ తంతు ఇంకా ముగిసే ఉండదు. లెక్క ఎలా వేసినా ఇది కుదరదు. అయినా ఆంజెలిక్ అనే మంత్రగత్తె ప్రభావంతో జోసెట్ తాను ప్రేమించిన బార్నబస్‌ను విడిచి అతడి బాబాయి జెరెమియాను పెళ్ళాడడం, ఆంజెలిక్ శాపమే బార్నబస్‌ను రక్తపిశాచిగా మార్చడం చూశాక, అంతవరకు భయపెట్టినవాడి మీద జాలి కలుగుతుంది. సంవత్సరం మారినా దుఃఖం చెక్కుచెదరలేదు కనుక, ఆ పొరపాటును నేను మనస్ఫూర్తిగా మన్నించాను.

వారానికి ఐదు ఎపిసోడ్‌లు తీసేవారు. టేపును కోసి అతికించడం ఖర్చుతో కూడిన పని కావడంతో, నటులు మాట తడబడినా, మైకు నీడ గోడమీద పడినా చాలావరకు అలాగే ప్రసారమయ్యేది. ఆ తొందరలో తేదీలు తారుమారైతే రచయితలను తప్పుపట్టలేను.

విక్టోరియా విషయం అలాంటిది కాదు. అనాథాశ్రమంలో పెరిగిన ఆమె, తన పుట్టుక రహస్యం తెలుస్తుందన్న ఆశతోనే మొదటి ఎపిసోడ్‌లో రైలెక్కి కాలిన్‌వుడ్‌కు వచ్చింది. ఆ పాత్రధారిణి అలెగ్జాండ్రా మోల్ట్‌కే 1968లో వైదొలిగాక మరో ఇద్దరు నటీమణులను ఒకరి తరువాత ఒకరిని ప్రవేశపెట్టి, చివరికి విక్టోరియాను ప్రియుడితో పాటు గతంలోకి పంపేశారు. ఆమె తల్లిదండ్రులెవరో సీరియల్ ముగిసేదాకా చెప్పనేలేదు. తోడేళ్ళుగా మారే మనుషులకూ, ‘సమాంతర కాలం’ అనే మరో లోకానికీ నెలల తరబడి చోటిచ్చిన 1225 ఎపిసోడ్‌లలో ఒక్కదాన్నైనా ఆ అమ్మాయికి జవాబు చెప్పడానికి కేటాయించవలసింది.