కాలవ కట్టేసే తేదీ

అందరికీ నమస్కారమండి. ప్రిన్సిపల్ గారికి, వేదిక మీదున్న పెద్దలందరికీ, పొద్దుట్నుంచి ఆ మైకుతో తంటాలు పడుతున్న తమ్ముడికి కూడా. బ్యానర్ మీద ‘ఓపెన్ సోర్స్‌లో కెరీర్’ అని, అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టే సాఫ్ట్‌వేర్‌లో కెరీర్ అనుంది గానీ నేను దాని గురించి మాట్లాడనండి, లంచ్‌లో అడగండి చెప్తాను. నాకు చాన్నాళ్ళుగా కడుపులో ఉన్నది వేరు. పాత రిలీజ్ బ్రాంచ్‌లు, అంటే సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ల కోసం విడిగా నడిపే కోడ్, ఆపెయ్యాలి, అదీ సంగతి.

కొత్త ఫీచర్లన్నీ మెయిన్ బ్రాంచ్‌లోకి పోతాయి, పాత బ్రాంచ్‌లకి సెక్యూరిటీ ఫిక్స్‌లు మాత్రం ఇస్తాం. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. ఆమధ్య మా ప్రాజెక్టులో రెండు లైన్ల ఫిక్స్ వచ్చింది, మెయిన్‌లో టీ తాగేలోపు అయిపోయింది. పాత బ్రాంచ్ మీద చెర్రీ పిక్ కొడితే, అంటే ఆ మార్పునే తెచ్చి అక్కడ అతికిస్తే, కాన్‌ఫ్లిక్ట్, కోడ్ కలవలేదు, ఏంటా అని చూస్తే అసలా ఫంక్షనే అక్కడ లేదు, వేరే ఫైల్లో వేరే పేరుతో ఉంది. సరే చేత్తో రాశాం. టెస్టులు నడుపుదామంటే సీఐలో, అంటే టెస్టులు వాటంతటవే నడిపే చోట, పాత ఉబుంటు ఇమేజ్ ఎప్పుడో తీసేశారు, ఆ పాత సిస్టమ్‌ని విడిగా నడపడానికో డాకర్ కట్టి, అందులోకి పాత లైబ్రరీ దొరక్క ఆర్కైవ్‌లన్నీ గాలించి... రెండు లైన్లకి ఆదివారం మొత్తం పోయిందండి. జీతమా, లేదు. ‘ఎవరి కోసం ఇదంతా’ అని మా ఆవిడ అడిగింది.

ఎవరి కోసమంటే, ఒక కంపెనీ కోసం, పేరొద్దులెండి. ‘మేం పాత వెర్షన్ మీదే ఉన్నాం, ఫిక్స్ ఎల్లుండికి కావాలి’ అని మెయిల్. ఒక ప్యాచ్ పంపింది లేదు, ఒక రూపాయి ఇచ్చింది లేదు. అప్‌గ్రేడ్ ఎప్పుడు సార్ అంటే వచ్చే క్వార్టర్ అన్నారు, ఆ క్వార్టర్ ఇంకా వస్తూనే ఉంది! నవ్వకండి, మీలో సగంమంది రేపు అలాంటి చోటే చేరతారు.

వేసవిలో మన కాలవలు కట్టేస్తారు కదా. పూడిక తియ్యాలి, లాకులు బాగుచెయ్యాలి, నీళ్ళు పారుతుంటే అవ్వదు. తేదీ ముందే చెప్తారు. దాళ్వా, అదే రెండో పంట వరి, ఆలస్యంగా ఊడ్చినవాళ్ళు ఇంకో పది రోజులు వదలండి అంటారు. వదిలితే పూడిక పని కురచైపోతుంది, తర్వాతొచ్చే మొదటి పంట సార్వాలో శివారు చేలకి నీళ్ళందవు. అన్నిటికంటే నాకు మండేది ఏంటంటే, చెప్పిన తేదీ నమ్మి ముందే ఊడ్చుకున్నవాడు వెర్రోడైపోతాడు.

ప్రోగ్రాములు రాసే భాష పైథాన్, దాని 2.7 వెర్షన్ కథా అంతేనండి. 2010లో వచ్చింది, 2015లో ఆపుతామన్నారు, 2014లో ఆ గడువు 2020కి జరిపారు. 2020 జనవరి 1తో సపోర్ట్ అయిపోయింది, ఏప్రిల్‌లో 2.7.18 ఇచ్చి చేతులు దులుపుకున్నారు. జరపకపోతే చాలామంది ఇబ్బంది పడేవాళ్ళు, కాదన్ను. కానీ గడువు జరిగిందని తెలియగానే అప్పటి మా ఆఫీసులో కొత్త పైథాన్ త్రీకి మార్చే పని బోర్డు మీంచే తీసేశారు. వెబ్‌సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ వాళ్ళయితే 2013 నాటి 3.7 వెర్షన్‌కి కూడా 2022 దాకా ప్యాచ్‌లు మోశారు, పాపం. నాకు నచ్చేది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్ళ పద్ధతి. మేజర్ వెర్షన్‌కి ఐదేళ్ళు, చివర్న ఒక మైనర్ రిలీజ్, అక్కడితో సరి. పుట్టిన్నాడే పోయే తేదీ కూడా సైట్లో పట్టికలో ఉంటుంది.

మరి పాత వెర్షన్ మీదే ఉన్న చిన్న షాపువాడి గతేంటని వెనక ఎవరో అంటున్నారు, మంచి మాట. బ్రాంచ్ ఆపడమంటే కోడ్ చెరిపెయ్యడం కాదు బాబూ, ఆ వెర్షన్‌కి గుర్తుగా పెట్టిన ట్యాగ్ ఉంటుంది, ఫోర్క్ చేసుకోవచ్చు, అంటే సొంత కాపీ తీసుకుని నడుపుకోవచ్చు, ఎవరైనా కూచుని మెయింటైన్ చేస్తానంటే దణ్ణం పెట్టి ఇచ్చేస్తాం. డబ్బున్నోళ్ళకి రెడ్ హ్యాట్, కానానికల్ లాంటి కంపెనీలవాళ్ళు అదనపు సపోర్ట్ అమ్ముతూనే ఉన్నారు, కొనుక్కోమనండి. చిన్నవాడికి మనం ఇవ్వాల్సింది, పాతదాన్నుంచి కొత్తదానికి ఎలా మారాలో తెలుగులో రాసిన ఒక పేజీ, అది చదివి మారడానికి చాలినంత టైము.

ప్రాజెక్టులున్నవాళ్ళు చేతులెత్తండి. ఆఁ, చాలామందే ఉన్నారు. ఇవాళ రాత్రే ప్రాజెక్టు గురించి చెప్పే రీడ్‌మీ ఫైల్లో ఏ వెర్షన్ ఎప్పటిదాకానో రాసెయ్యండి. తేదీ దాటాక వచ్చే మొదటి మెయిల్‌కి జవాబు కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి, ఆ రోజు మొహమాటం అడ్డొస్తుంది.