గాలికి ఎదురెళ్లడం ఎలా? విశాఖ తీరంలో సెయిలింగ్ పాఠాలు

[దృశ్యం: మధ్యాహ్నం, రుషికొండ వైపు తీరం. ఇసుక మీద చిన్న పడవలు. తెరచాపలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి.]

నమస్తే. విశాఖలో పుట్టి పెరిగినవాళ్లను ఒక మాట అడుగుతాను. సముద్రాన్ని ఎన్నిసార్లు చూసి ఉంటారు? లెక్కే ఉండదు. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తిన్న సాయంత్రాలు, కైలాసగిరి మీంచి తీసుకున్న ఫొటోలు, భీమిలి రోడ్డులో బండి మీద వెళ్తుంటే పక్కనే కనిపించే నీళ్లు. మరి సముద్రం మీంచి విశాఖను ఎన్నిసార్లు చూశారు?

చాలామంది ఒక్కసారి కూడా చూసి ఉండరు. మాది సెయిలింగ్, అంటే తెరచాప పడవ నడపడం నేర్పే క్లబ్బు. అక్కడికి వచ్చే పిల్లలు మొదటిసారి పడవలో కాస్త లోపలికి వెళ్లి, వెనక్కి తిరిగి కొండల్ని చూసినప్పుడు కాసేపు నోట మాట రాదు. నేను ప్రతి ఆదివారం వచ్చేది ఆ నిమిషం కోసమే.

సెయిలింగ్ అనగానే డబ్బున్నవాళ్ల ఆట అనుకుంటారు. కమ్యూనిటీ క్లబ్బులో ఎవరూ పడవ కొనక్కర్లేదు. పడవలు అందరివీ. పడవ దించడానికి నలుగురు చేయి వేస్తారు, ఎక్కించడానికీ ఆ నలుగురే. ముందు నేర్చుకున్నవాళ్లు తర్వాత వచ్చినవాళ్లకు నేర్పుతారు. ఎనిమిదేళ్ల పాపకు కాలేజీ కుర్రాడు నేర్పుతాడు, ఆ కుర్రాడికి రిటైరైన నేవీ ఉద్యోగి నేర్పుతారు.

[దృశ్యం: ఒక పాప చూపుడు వేలు తడిచేసి గాలిలోకి ఎత్తి చూస్తోంది.]

మొదటి పాఠంలో పడవ ఉండదు, గాలి ఉంటుంది. మన తీరంలో గాలి రోజుకు రెండు రకాలుగా నడుస్తుంది. పగలు ఎండకు నేల తొందరగా వేడెక్కుతుంది, నీళ్లు నెమ్మదిగా వేడెక్కుతాయి. నేల మీద వేడెక్కిన గాలి పైకి లేస్తే, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వచ్చి చేరుతుంది. రాత్రి నేల త్వరగా చల్లారుతుంది కాబట్టి ఇదంతా తిరగబడుతుంది. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది.

మన మత్స్యకారులకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంజిన్లు రాకముందు తెరచాప కట్టిన తెప్పల మీద, తెల్లవారకముందే నేలగాలితో వేటకు వెళ్లి, మధ్యాహ్నం సముద్రపు గాలితో ఇల్లు చేరేవారు. మేం నేర్పే పాఠంలో సగం వాళ్లదే. అందుకే జాలారిపేట పెద్దవాళ్లు ఎవరైనా అటుగా వస్తే, పిల్లల్ని వాళ్ల చుట్టూ కూర్చోబెడతాం.

కొత్తవాళ్లు మోసపోయేది కూడా ఈ నేలగాలి దగ్గరే. పొద్దున్నే ఒడ్డున నీళ్లు అద్దంలా ఉంటాయి, ఎంత బాగుందో అనిపిస్తుంది. కానీ ఆ గాలి పడవను లోపలికి తోసేస్తుంది. ఎంత దూరం వెళ్తే అలలు అంత పెరుగుతాయి, వెనక్కి రావాలంటే గాలికి ఎదురు రావాలి. కాబట్టి కొత్తవాళ్లను గాలి సముద్రం వైపు నుంచి ఒడ్డుకు వీసేటప్పుడే దించుతాం. పొరపాటు జరిగినా పడవ ఇసుక మీదికే వస్తుంది.

[దృశ్యం: ఇసుక మీద కర్రతో గీసిన బొమ్మ. ఒక బాణం, ఒక పడవ, వంకర టింకర గీత.]

ఇప్పుడు అసలు విషయం. గాలివాటం అంటే గాలి ఎటు తోస్తే అటు పోవడం. తెరచాప పడవ కూడా అంతే అనుకుంటారు. అదే నిజమైతే లోపలికి వెళ్లినవాళ్లు ఇంటికెలా వస్తారు?

తెరచాప చదునుగా ఉండదు, కాస్త ఉబ్బి ఒంపుగా ఉంటుంది. గాలి ఆ ఒంపు మీంచి జారుతున్నప్పుడు, విమానం రెక్కను పైకి లేపినట్టే, తెరచాపను పక్కకీ కొంచెం ముందుకీ లాగుతుంది. పక్కకి వెళ్లకుండా ఆపేది పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక. దాన్ని డాగర్‌బోర్డ్ అంటారు. తడి చింతగింజను రెండు వేళ్ల మధ్య నొక్కండి, చటుక్కున ముందుకు జారుతుంది. పడవ కూడా గాలికీ నీళ్లకీ మధ్య అలాగే ముందుకు జారుతుంది.

అయితే గాలి వచ్చే దిక్కుకు సూటిగా మాత్రం ఏ తెరచాప పడవా వెళ్లలేదు. దానికి అటు సుమారు 45 డిగ్రీలు, ఇటు సుమారు 45 డిగ్రీలు వదిలేయాలి. ఆ మధ్యలోకి ముక్కు పెడితే తెరచాప టపటపలాడి పడవ ఆగిపోతుంది. మరి సరిగ్గా ఆ దిక్కుకే వెళ్లాలంటే? సింహాచలం కొండ ఎక్కే ఘాట్ రోడ్డు గుర్తు చేసుకోండి. బస్సు కొండకు అడ్డంగా కొంత దూరం వెళ్లి, మలుపు తిరిగి, మళ్లీ అడ్డంగా ఎక్కుతుంది. పడవా అంతే. కుడికి ఒక గీత, ఎడమకు ఒక గీత. ఈ మలుపును ట్యాకింగ్ అంటారు. చుక్కాని కర్రను తెరచాప వైపు తోయాలి. పడవ ముక్కు గాలిని దాటుతుంది, తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర, అంటే బూమ్, తల మీంచి ఇటునుంచి అటు వెళ్తుంది. తల వంచి రెండో పక్కకు మారి కూర్చోవాలి. తల వంచడం మరిచిపోతే బూమ్ గుర్తు చేస్తుంది. ఆ పాఠం ఒక్కసారికే బాగా గుర్తుంటుంది.

చిన్నపిల్లలు వాడేది ఆప్టిమిస్ట్ పడవ. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన దీని నమూనా గీశారు. పొడవు 2.3 మీటర్లు, ఖాళీ పడవ బరువు 35 కిలోలు. ముక్కు మొద్దుగా, చూడటానికి తొట్టిలా ఉంటుంది. 15 ఏళ్ల దాకా పిల్లలు దీన్ని ఒంటరిగా నడుపుతారు. ఆ తర్వాత 4.2 మీటర్ల లేజర్. ఒలింపిక్స్‌లోనూ ఆ పడవే ఉంది. టోక్యో ఒలింపిక్స్‌లో చెన్నై అమ్మాయి నేత్ర కుమనన్ నడిపింది దాన్నే.

[దృశ్యం: నడుము లోతు కంటే కాస్త ఎక్కువ నీళ్లు. ఒక పడవను కావాలనే పక్కకు ఒరిగిస్తున్నారు.]

తల్లిదండ్రులకు ఎక్కువ టెన్షన్ ఇక్కడే. వాళ్ల భయం అర్థం లేనిది కాదు. ఆర్కే బీచ్‌లో అలల్లోకి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం. నీళ్ల దగ్గరికి వెళ్లొద్దని పిల్లలకు చెప్పి చెప్పి పెంచుతాం. కానీ భయపెడితే నీళ్లు తెలియవు. అందుకే పడవ బోల్తా పడటాన్ని మేం ప్రమాదంగా కాక పాఠంగా మొదలుపెడతాం. అందరికీ లైఫ్ జాకెట్, పక్కనే సేఫ్టీ బోటు. అప్పుడు మేమే పడవను బోల్తా కొట్టిస్తాం.

నీళ్లలో పడ్డాక మొట్టమొదటి నియమం: పడవను వదలకూడదు. ఒడ్డు దగ్గరగా కనిపించినా ఈదుకుంటూ బయల్దేరకూడదు. నీళ్లలో మనిషి తల ఎవరికీ కనపడదు, పడవ అందరికీ కనపడుతుంది. రెండోది, తెరచాప తాడు వదులు చేయాలి. తర్వాత చుట్టూ ఈది పడవ అడుగు వైపుకి వెళ్లి, డాగర్‌బోర్డ్ పట్టుకుని ఒంటి బరువంతా దాని మీద వేయాలి. ముందు ఏమీ జరగదు. పిల్లలు నా వైపు బిక్కమొహం పెట్టి చూస్తారు. కంగారు పడొద్దు నాన్నా, అలాగే ఉండు అంటాను. నెమ్మదిగా తెరచాప నీళ్లలోంచి లేస్తుంది, ఒక్కసారిగా పడవ నిలబడుతుంది. ఎక్కి, చిన్న బకెట్‌తో నీళ్లు తోడేయాలి. ఆప్టిమిస్ట్‌లో గాలి నింపిన సంచులు మూడు ఉంటాయి కాబట్టి నీళ్లు నిండినా మునగదు.

ఇది మూడుసార్లు చేసిన పిల్ల నాలుగోసారి నవ్వుతూ తనే పడేస్తుంది. ఒడ్డున నిలబడి చూసే అమ్మ మొహంలో కూడా అప్పుడే మార్పు వస్తుంది.

తాళ్ల ముడులు, దారి నియమాలు, పందేలు నేర్చుకునేకొద్దీ అవే వస్తాయి. ఒక్క నియమం చెబుతాను. రెండు పడవలు ఎదురుపడితే, గాలి కుడి పక్క నుంచి తగులుతున్న పడవకు దారి హక్కు. పందెం మొదలవడానికి 5 నిమిషాల ముందు మొదటి జెండా లేస్తుంది, ఆ 5 నిమిషాలూ పిల్లలు గడియారం చూస్తూ పందెం మొదలయ్యే గీత దగ్గర తిరుగుతుంటారు. అంత ఏకాగ్రత క్లాసులో చూపిస్తే బాగుండునని టీచర్లు అంటుంటారు.

[దృశ్యం: మబ్బు పట్టిన సముద్రం. ఒడ్డున బోర్లించిన పడవలు.]

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలికి అలలు పెద్దవి. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల నెలలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఏం చేసిందో ఎవరూ మరిచిపోలేదు. పోర్టులో ఏ నంబరు ప్రమాద సూచిక ఎగరేసినా, అది ఒకటో నంబరే అయినా, మా పడవలు దిగవు. ఆ వారాల్లో తాళ్లు, రిపేర్లు, మ్యాపులు ఒడ్డునే నేర్పుతాం.

ఒడ్డున పాఠం నడిచే రోజుల్లో పిల్లలకు ఒక ప్రయాణం గురించి చెబుతాను. 2017 సెప్టెంబర్ 10న ఆరుగురు నావికాదళ అమ్మాయిలు ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే 55 అడుగుల తెరచాప పడవలో గోవా నుంచి బయల్దేరారు. భూగోళం చుట్టి 254 రోజులకు, 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్లలో ఒకరు లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి. మన విశాఖ అమ్మాయి. ఆ పేరు చెప్పగానే వెనక వరసలో ఆడపిల్లలు నిటారుగా కూర్చుంటారు.

[దృశ్యం: సాయంత్రం. పిల్లలు మంచినీళ్లతో పడవలు కడుగుతున్నారు.]

రావాలనుకునేవాళ్లకు. ఒంటికి పట్టే టీషర్టు, తడిసినా జారని చెప్పులు, టోపీ, మంచినీళ్ల సీసా, ఒక పొడి జత బట్టలు తెచ్చుకోండి. కొద్దిగా ఈత వస్తే చాలు. పడవలు దిగే వేళకు కాకుండా గంట ముందే రండి, తెరచాప కట్టడం అప్పుడే చూపిస్తాం. తిరిగొచ్చాక వెంటనే వెళ్లిపోకండి. ఉప్పు పడవను తినేస్తుంది, కడగడానికి ఎప్పుడూ ఒక చేయి తక్కువే ఉంటుంది.