బడిలో చిన్న ప్రయోగం, పదిమంది చందా: డబ్బు దేనికివ్వాలి?

సంధానకర్త: నమస్కారం. బడికి గది కట్టించమంటే దాతలు దొరుకుతారు, శిలాఫలకం మీద పేరుంటుంది కాబట్టి. అదే ఒక తరగతి పిల్లలు చేసే ప్రయోగానికి డబ్బు ఇమ్మంటే? నలుగురూ తలా కొంత వేసుకుని, టీచర్ల సొంత ఆలోచనలకు చిన్న గ్రాంట్లు ఇచ్చే పద్ధతి మీద ఈ రోజు చర్చ. మనతో ఒక సైన్స్ టీచరు, ఇలాంటి నిధిని చూసే కమిటీ సభ్యులొకరు, ఒక హెడ్మాస్టరు, ఒక విద్యార్థి తల్లి ఉన్నారు. టీచరు గారూ, మీరు అడిగితే మొదట ఇవ్వలేదట కదా?

సైన్స్ టీచర్: ఇవ్వలేదండి. నేను అడిగింది పిన్‌హోల్ కెమెరాకి. అట్టపెట్టె, లోపలంతా నలుపు, ఒక వైపు సూదిబెజ్జం. రెండో వైపు ట్రేసింగ్ పేపరు పెడితే బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది, పాఠం అక్కడితో అయిపోతుంది. ఆ పేపరు స్థానంలో ఫొటో పేపరు పెట్టి, పిల్లలే ఫొటో తీసి, పిల్లలే కడగాలని నా ఆశ. దానికి ఫొటో పేపరు, ఫొటో కడిగే రసాయనాలు డెవలపరు, ఫిక్సరు, ఒక ఎర్ర లైటు కావాలి. గది ఉంది, పాత సామాన్ల గది.

కమిటీ సభ్యుడు: వద్దనడానికి కారణం ఉందండి. మా ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ప్రాజెక్టు అయ్యాక బడికి ఏం మిగులుతుంది? పేపరూ రసాయనాలూ వాడితే అయిపోతాయి. అవతల ఇంకో బడి ప్రొజెక్టరు అడిగింది. చందా ఇచ్చినవాళ్లకి రేపు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

సైన్స్ టీచర్: చూపించడానికి ప్రొజెక్టరు బాగానే ఉంటుంది సార్. కానీ పిల్లల చేతులతో చేసే పని ఏదైనా సామానుని తింటుంది. రంగులు, బంకమట్టి, తీగ, కాగితం, అన్నీ ఖర్చయ్యేవే. మీ ప్రశ్నకి నిజాయితీగా జవాబు రాస్తే, సృజనాత్మకమైనదేదీ పాసవదు.

సంధానకర్త: తర్వాత ఎలాగో చేయించారు కదా, ఏమైంది?

సైన్స్ టీచర్: మొదటి పేపర్లన్నీ బొగ్గులా వచ్చాయి. పేపరు మీద పడేది నెగెటివ్ కదా, వెలుగు ఎక్కువైతే నల్లబడిపోతుంది. బెజ్జం తెరిచి ఉంచే సమయం తగ్గించారు, ఈసారి ఏమీ పడలేదు. అప్పుడు ఒక పాప నోటుపుస్తకంలో గీతలు కొట్టింది. ఎండ, మబ్బు, నీడ అని ఒక వైపు, ఎన్ని సెకన్లు అని ఇంకో వైపు. పట్టిక వేయమని నేను చెప్పలేదు. అంతకుముందు ప్రయోగాల పుస్తకంలో పట్టిక అంటే బోర్డు మీంచి ఎక్కించుకునేది.

హెడ్మాస్టర్: నాకు ఇంకో బెంగ ఉంది. ఈ గ్రాంట్లు మంచి ఆలోచన ఉన్నవాళ్లకి వెళ్తున్నాయా, దరఖాస్తు బాగా రాయగలిగినవాళ్లకా? మా లెక్కల మాస్టారు పిల్లలతో అద్భుతాలు చేయిస్తారు, నాలుగు వాక్యాలు రాయమంటే పారిపోతారు.

కమిటీ సభ్యుడు: దరఖాస్తు ఒక్క పేజీకి కుదించాం. తొలి వడపోతలో బడి పేరూ టీచరు పేరూ కప్పేసి చదువుతాం. రాయడం రానివాళ్లు చెబితే మేమే రాసుకుంటాం.

సంధానకర్త: అమెరికాలో దీన్ని వేరేలా నడుపుతున్నారు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో టీచరుగా పనిచేస్తున్నప్పుడు చార్లెస్ బెస్ట్ 2000లో డోనర్స్‌చూజ్ అనే వెబ్‌సైటు మొదలుపెట్టారు. టీచరు తన తరగతికి ఏం కావాలో రాస్తే, దాతలు తమకు నచ్చినదాన్ని ఎంచుకుంటారు.

కమిటీ సభ్యుడు: అందులో నాకు నచ్చింది, టీచరు చేతికి నగదు ఇవ్వకపోవడం. సంస్థే సామాను కొని బడికి పంపిస్తుంది. లెక్కల గొడవ, అనుమానాలు ఉండవు. 2018 మార్చిలో రిపుల్ అనే కంపెనీ, అప్పటికి అక్కడున్న 35 వేల పైచిలుకు అభ్యర్థనలన్నిటికీ కలిపి 2.9 కోట్ల డాలర్లు ఇచ్చేసింది.

హెడ్మాస్టర్: అన్నిటికీ ఒకేసారి ఇచ్చేవాళ్లు రోజూ దొరకరు. మామూలు రోజుల్లో దాత కంటికి నచ్చిందే గెలుస్తుంది. టెలిస్కోప్ అంటే ముందుకొస్తారు, వెనకబడ్డ పిల్లలకి చదవడం నేర్పే కార్డులంటే పేజీ తిప్పేస్తారు. అందుకే కమిటీ ఉండటమే మేలంటాను, దానితో ఎన్ని చిక్కులున్నా.

తల్లి: నేనొకటి అడగొచ్చా? గ్రాంటు వచ్చాక పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీస్తారు, ధన్యవాదాలు చెబుతూ ఉత్తరాలు రాయిస్తారు. మా అబ్బాయి ఎవరికి రుణపడ్డాడని రాయాలి? వాడు చేసిన బొమ్మ పంపండి, సంతోషం. మొహం ఎందుకు?

కమిటీ సభ్యుడు: మొహాలు అక్కర్లేదమ్మా. అది దాతలు అడిగింది కూడా కాదు, అలవాటుగా వచ్చేసింది.

తల్లి: ఇంకోటి. సుద్దముక్కలు, బెంచీలు కూడా ఈ నిధిలోంచే కొంటున్నారని విన్నాను. అవి బడిని నడిపేవాళ్లు ఇవ్వాల్సినవి. ఇక్కడ దొరుకుతున్నాయని తెలిస్తే అక్కడ ఆపేస్తారు.

హెడ్మాస్టర్: మీరన్నది న్యాయమే. కానీ బెంచీ లేక నేల మీద కూర్చున్న పిల్లాణ్ణి చూస్తూ ‘ఇది మా పద్దు కాదు’ అనడం నా వల్ల కాదు.

సంధానకర్త: దీని మీద మీ ఇద్దరికీ రాజీ కుదిరేలా లేదు. సమయం దగ్గరపడింది. టీచరు బదిలీ అయితే సామాను ఎవరిది?

హెడ్మాస్టర్: బడిదే. వచ్చిన రోజే స్టాకు రిజిస్టరులో ఎక్కిస్తాం.

సంధానకర్త: సార్, మరి ఆ ‘ఏం మిగులుతుంది’ అన్న ప్రశ్న?

కమిటీ సభ్యుడు: పూర్తిగా తీసేయలేను. దానికి ముందు ‘పిల్లలు స్వయంగా ఏం చేస్తారు’ అని పెట్టిస్తాను, మార్కులు దానికే ఎక్కువ. ఖర్చయ్యే సామానుకి విడిగా ఒక వరస కూడా.

సైన్స్ టీచర్: ఆ వరసలో పాడయ్యేవి కూడా లెక్కేయండి. పిల్లకి ఒక్క పేపరు చొప్పున ఇస్తే, పాడవుతుందన్న భయంతో నేనే తీసి చూపించాల్సి వస్తుంది.

కమిటీ సభ్యుడు: ఎన్నైతే సరిపోతాయి?

సైన్స్ టీచర్: తలకి మూడు. ఒకటి నల్లగా పోతుంది, ఒకటి తెల్లగా పోతుంది.

కమిటీ సభ్యుడు: సరే, మూడని రాసి పంపండి. ఈ విడతకి గడువు ఇంకా ఉంది.