పాత ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, నచ్చిన లెన్సులు: చెన్నై శ్రోతలతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు పాత ఫుల్‌ఫ్రేమ్ డిజిటల్ కెమెరాల గురించి, అంటే ఫొటోను పట్టే సెన్సర్ 35 ఎంఎం ఫిల్ము ఫ్రేమంత ఉండే కెమెరాల గురించి మాట్లాడుకుందాం. చెన్నైలో చాలా ఏళ్లుగా పెళ్లిళ్లు, కచేరీలు తీస్తున్న ఫొటోగ్రాఫర్‌గారు మనతో ఉన్నారు. మొదటి ఫోన్. హలో?

శ్రోత (వేళచ్చేరి): నమస్తే సార్. తెలిసినవాళ్లు కెనాన్ 5డీ అమ్ముతామంటున్నారు, 2005లో వచ్చిన మొదటి మోడల్. కొనొచ్చా?

నిపుణుడు: ఫొటోల కోసమే అయితే కొనొచ్చు బాబూ. వీడియో రాదు, లైవ్ వ్యూ ఉండదు, అంటే వెనక తెర మీద చూస్తూ తీయలేవు. ఆ వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూడాల్సిందే. చూశావంటే వదలవు. తీసుకునే ముందు ఎపర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, చిన్నది చేసి ఎఫ్16 పెట్టి తెల్ల గోడను ఒక ఫొటో తియ్యి, సెన్సర్ మీద మరకలుంటే కనిపిస్తాయి. అందులో సెన్సర్ తనంతట తాను దులుపుకునే ఏర్పాటు లేదు. ఇంకొకటి, కార్డును తిన్నగా పెట్టాలి. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు వంకరగా తోస్తే లోపల సూదులు వంగిపోతాయి. చార్జర్ కూడా ఇస్తున్నారేమో అడుగు.

వ్యాఖ్యాత: థ్యాంక్యూ. తర్వాతి ఫోన్. చెప్పండి.

శ్రోత (పెరంబూరు): నమస్కారమండీ. నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. నా దగ్గర నికాన్ డీ700 ఉంది, 2009లో కొన్నాను. మా అబ్బాయి దాన్ని అమ్మేసి, లోపల అద్దం లేని కొత్తరకం మిర్రర్‌లెస్ కెమెరా కొనమంటున్నాడు. అసలు నాకీ పిచ్చి మా మామగారి వల్ల పట్టుకుంది. నెల్లూరులో ఆయనకు స్టూడియో ఉండేది. పోయేముందు ఆయన లెన్సు, 105 ఎంఎం ఎఫ్2.5, నా చేతిలో పెట్టారు. నేను కొన్నది 50 ఎంఎం 1.8డీ. రెండూ ఉన్నాయి. ఇప్పుడంతా 45 మెగాపిక్సెల్ అంటున్నారు కదా, నాది 12. అమ్మేయాలా?

నిపుణుడు: మీరు ఫొటోలు ఏం చేస్తారు? ప్రింట్ వేయిస్తారా?

శ్రోత: ఆల్బమ్ వేయిస్తాను. మనవరాలి అన్నప్రాశన ఆల్బమ్ అందులో తీసిందే.

నిపుణుడు: ఎంత సైజు?

శ్రోత: పన్నెండు పద్దెనిమిది అంగుళాలు.

నిపుణుడు: బాగా వచ్చిందా?

శ్రోత: చాలా బాగా వచ్చిందండీ.

నిపుణుడు: మరింకేం. మీ కెమెరా 4256 బై 2832 పిక్సెళ్లు ఇస్తుంది. ఆ సైజు ఆల్బమ్‌కు అది చాలు. ఫ్రేమును మరీ చిన్న ముక్కకు కోసి పెద్దది చేస్తేనే ఇబ్బంది. గుడిలో దీపాల వెలుగులో ఐఎస్ఓను, అంటే వెలుతురు పట్టే శక్తిని, 3200కి పెంచి తీసి చూడండి, మీకే తెలుస్తుంది.

శ్రోత: లెన్సులు పోవుగా, అడాప్టర్ పెట్టి కొత్తదానికి తగిలించుకోవచ్చు అంటున్నాడు అబ్బాయి.

నిపుణుడు: తగులుతాయి. కానీ మీ 50 ఎంఎం డీ లెన్సులో మోటార్ లేదు సార్, మోటార్ కెమెరా బాడీలో ఉంది. బాడీలో చిన్న స్క్రూ తిరిగి లెన్సును తిప్పుతుంది. నికాన్ వాళ్ల ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఆ మోటార్ లేదు. దాంతో ఆ లెన్సు పెడితే ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. మీ డీ700లో అయితే టక్కున పట్టుకుంటుంది.

శ్రోత: ఓహో. ఇది మావాడికి తెలియదు. మరి మామగారి లెన్సు? దానికి పైన కుందేలు చెవుల్లాగా రెండు ఉంటాయి.

నిపుణుడు: ఆ చెవులకు చిల్లులున్నాయా?

శ్రోత: చిల్లులా? ఉన్నట్టే ఉన్నాయి.

నిపుణుడు: చూసి చెప్పండి. 1977లో నికాన్‌కు ఏఐ పద్ధతి వచ్చింది, అంటే ఎపర్చర్‌ను లెన్సు తనంతట తాను కెమెరాకు తెలిపే ఏర్పాటు. ఆ తర్వాతి లెన్సుకు చెవుల్లో చిల్లులు ఉంటాయి, ఎపర్చర్ నంబర్లు రెండు వరసల్లో ఉంటాయి. కింది వరస చిన్న అక్షరాలు. అలా లేకపోతే ఆ లెన్సు మీ డీ700కి తగిలించకండి. బాడీ అంచున ఉన్న చిన్న లివర్ విరుగుతుంది.

శ్రోత: రెండు వరసలున్నాయండీ, అది నాకు గుర్తే.

నిపుణుడు: అయితే హాయిగా వాడుకోండి. మెనూలో నాన్-సీపీయూ లెన్స్ డేటా అని ఉంటుంది, చిప్ లేని పాత లెన్సుల వివరాలు ఇచ్చే చోటు. 105 అని, ఎఫ్2.5 అని ఇవ్వండి, కెమెరా వెలుతురు సరిగ్గా కొలుస్తుంది. ఫోకస్ మీరు తిప్పుతుంటే వ్యూఫైండర్‌లో కింద పచ్చ చుక్క వెలుగుతుంది. వెలిగినప్పుడు నొక్కండి. ఫుల్‌ఫ్రేమ్ కాబట్టి మామగారు ఫిల్ముమీద ఎంత చూసేవారో మీరూ అంతే చూస్తారు. చిన్న సెన్సర్‌కు పెడితే అదే లెన్సు 150 పైన ఉన్నట్టు కోసుకుపోతుంది.

శ్రోత: (కొంచెం ఆగి) అవునండీ. ఆయన ముఖాలు తీసేవారు. ముసలివాళ్ల ముఖాలు... అయితే ఇంతకీ అమ్మమంటారా, ఉంచమంటారా?

నిపుణుడు: ఇప్పటిదాకా నేను చెప్పింది అదే సార్! సరే, అడిగింది చెప్పండి. ఆ లెన్సు ఎక్కడ పెట్టారు?

శ్రోత: బీరువాలో. తోలు సంచిలో పెట్టి, పట్టుచీరల పక్కన. కలరా ఉండలు కూడా వేశాను, పురుగు పట్టకుండా.

నిపుణుడు: అయ్యో! తియ్యండి. కలరా ఉండలు, కర్పూరం, కెమెరా దగ్గరికి రాకూడదు. తోలు సంచి తేమ పీలుస్తుంది. మన ఊళ్లో కార్తీకంలో వానలు పడుతుంటే గాలంతా నీళ్లే. తేమ అరవై శాతం దాటి నిలబడితే బూజు పడుతుంది. మీరు ఫోన్ పెట్టకండి, టార్చ్‌తో లెన్సు వెనక నుంచి చూసి సాలెగూడు పోగుల్లా ఉన్నాయేమో చెప్పండి.

వ్యాఖ్యాత: సార్, లైన్‌లోనే ఉండండి. ఈలోగా ఇంకొకరు. హలో?

శ్రోత (బీసెంట్ నగర్): సార్, బీచ్‌లో తీస్తాను. లెన్సు మార్చడం...

నిపుణుడు: బీచ్‌లో మార్చకండమ్మా. ఇంటి దగ్గర మార్చుకుని ఒక్క లెన్సుతో వెళ్లండి. ఇంటికొచ్చాక కెమెరా బయటంతా మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి, ఉప్పు పోతుంది. తర్వాత పొడిగుడ్డ. సెన్సర్ మీద నోటితో ఊదకండి, రబ్బరు బ్లోయర్ వాడండి. ఏసీ గదిలోంచి తీసుకెళ్తే సంచి మూసే ఉంచి కాసేపు ఆగండి, లేకపోతే అద్దం మీద నీటి పొర కమ్ముతుంది.

వ్యాఖ్యాత: ఇంకొక ఫోన్.

శ్రోత (తాంబరం): సార్, వేదాంతాంగల్ పక్షులకు...

నిపుణుడు: పక్షులకు చిన్న సెన్సరే మేలు బాబూ, అదే లెన్సు దూరం లాగుతుంది.

వ్యాఖ్యాత: థ్యాంక్యూ. పెరంబూరు సార్, ఉన్నారా?

శ్రోత (పెరంబూరు): ఉన్నానండీ. చెవులకు చిల్లులున్నాయి. టార్చ్ వేసి చూశాను, పోగులేం కనిపించలేదు. దుమ్ము కొంచెం ఉంది.

నిపుణుడు: అదృష్టవంతులు. దుమ్ముకు ఫొటో పాడవదు, బూజుకు పాడవుతుంది. ఇక గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా కొనండి. తేమ పీల్చే సిలికా జెల్ వేయండి. దాని నీలం రంగు గులాబీ అయిందంటే వేడి చేసి మళ్లీ వేయొచ్చు. లోపల తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టి నలభై, యాభై శాతం మధ్య ఉంచండి. మరీ ఎండబెట్టినా మంచిది కాదు. అన్నిటికంటే మంచి మందు, వారానికోసారి బయటికి తీసి వాడడం. ఈ ఆదివారం మైలాపూర్ వెళ్లండి. కపాలీశ్వరుడి కోనేటి మెట్ల మీద పొద్దున్నే పెద్దవాళ్లు కూర్చుంటారు. అడిగి తీయండి.

శ్రోత: వెళ్తానండీ. తప్పకుండా వెళ్తాను. అయితే అమ్మొద్దంటారు.

నిపుణుడు: అమ్మొద్దు సార్. ఆ కలరా ఉండలు మాత్రం ఇవాళే తీసేయండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. ఫోన్ చేసినవాళ్లందరికీ ధన్యవాదాలు. నమస్కారం.