కవరేజ్ 94 శాతం, పాస్‌వర్డ్ కోడ్‌కి టెస్టే లేదు

[తెర మీద: టెర్మినల్‌లో కవరేజ్ రిపోర్ట్, చివర 94 శాతం]

టెస్టులు నడిచినప్పుడు మన కోడ్‌లో ఎంత శాతం నడిచిందో చెప్పేదే కవరేజ్. ఈ అంకె చూసుకుని చాలా రోజులు నిశ్చింతగా ఉన్నాను. ఒకరోజు పాస్‌వర్డ్ మార్చే పేజీ పని చేయడం మానేసింది. వెతికితే తేలిందేంటంటే, ఆ ఫంక్షన్‌కి టెస్టే రాయలేదు. మరి రిపోర్ట్ ఎందుకు పట్టించలేదు? పట్టించుకోవద్దని నేనే చెప్పాను కాబట్టి! ఎక్కడ చెప్పానో చూపిస్తా.

పైథాన్‌లో టెస్ట్ కవరేజ్ అంటే దాదాపు అందరం వాడేది కవరేజ్ డాట్ పై. దాని సెట్టింగ్స్‌ని కవరేజ్ ఆర్‌సీ ఫైల్లో రాయొచ్చు, లేదా పైప్రాజెక్ట్ టామ్ల్‌లో పెట్టొచ్చు. టెస్టులు నడిపే పైటెస్ట్‌తో నడిపినా చదివేది ఆ సెట్టింగ్స్‌నే.

[తెర మీద: జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్ట్ ఫోల్డర్లు]

ముందు ఫైళ్ల సంగతి. రన్ సెక్షన్‌లో సోర్స్ అని ఉంటుంది, దానికి మీ యాప్ ఫోల్డర్ పేరు ఇవ్వండి. ఇవ్వకపోతే, టెస్టులు ఒక్కసారి కూడా ఇంపోర్ట్ చేయని ఫైల్ రిపోర్ట్‌లో కనిపించనే కనిపించదు. ఇస్తే సున్నా శాతంతో పైకి తేలుతుంది. తేలాలి కూడా.

తర్వాత ఒమిట్, అంటే కొలవకుండా వదిలేసే ఫైళ్ల జాబితా. మేనేజ్ డాట్ పై, డబ్ల్యూఎస్‌జీఐ, ఏఎస్‌జీఐ ఫైళ్లు ఇందులో పడేయొచ్చు, పెద్దగా ఆలోచించక్కర్లేదు. మైగ్రేషన్స్, అంటే డేటాబేస్‌ని మార్చే ఫైళ్ల దగ్గర మాత్రం కాస్త ఆగండి. జాంగో తనంతట తాను తయారుచేసినవైతే సరే. రన్‌పైథాన్ పెట్టి పాత డేటాని మార్చే మైగ్రేషన్ మీరు రాసి ఉంటే, అది మీ కోడే. ఫోల్డర్ మొత్తానికి స్టార్ గుర్తు పెట్టేస్తే అదీ కొట్టుకుపోతుంది.

టెస్ట్ ఫైళ్లని కూడా ఒమిట్‌లో పెట్టేవాళ్లున్నారు. నేను పెట్టను. ఒకే ఫైల్లో రెండు టెస్టులకి పొరపాటున ఒకే పేరు పెడితే, మొదటిది ఎప్పటికీ నడవదు, ఎర్రర్ కూడా రాదు. టెస్ట్ ఫైళ్లని కూడా కొలిస్తే, నడవని ఆ లైన్లు ఎర్రగా కనబడతాయి.

[తెర మీద: రిపోర్ట్ సెక్షన్, ఎక్స్‌క్లూడ్ లైన్స్ పెద్దగా]

ఇప్పుడు అసలు గొడవ. ఒక్కో లైన్‌ని వదిలేయాలంటే దాని పక్కన కామెంట్‌గా 'ప్రాగ్మా నో కవర్' అని రాస్తాం. ప్రతిచోటా రాయడం విసుగనిపిస్తే, సెట్టింగ్స్‌లోనే ప్యాటర్న్ ఇవ్వొచ్చు. అయితే ఎక్స్‌క్లూడ్ లైన్స్‌లో మీరేమైనా రాస్తే డీఫాల్ట్ జాబితా పోతుంది, ప్రాగ్మా కామెంట్లు పని చేయవు. మళ్లీ మీరే చేర్చుకోవాలి. 2023లో వచ్చిన 7.2 వెర్షన్ నుంచి ఎక్స్‌క్లూడ్ ఆల్సో ఉంది. అది డీఫాల్ట్‌ని కదపకుండా మీవి కలుపుతుంది. పాత వెర్షన్‌లో ఇరుక్కుపోతే తప్ప ఇదే వాడండి.

నేను అందులో రాసిన మాట ఒక్కటే: పాస్, పైథాన్‌లో ఏమీ చేయకుండా ఊరుకునే లైన్. ఖాళీ ఫంక్షన్లలో ఉండే పాస్ లైన్లని వదిలేద్దామని.

[తెర మీద: 'డెఫ్ రీసెట్ పాస్‌వర్డ్' లైన్, 'పాస్' అక్షరాలకి పసుపు రంగు]

కనబడిందా? ఇవి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, అంటే అక్షరాల్ని వెతికే నమూనాలు. లైన్లో ఎక్కడ దొరికినా సరిపోయినట్టే. పాస్‌వర్డ్‌లో పాస్ ఉంది. పైగా దొరికిన లైన్ డెఫ్‌తో మొదలైతే, ఆ ఒక్క లైన్‌తో ఆగదు, ఫంక్షన్ మొత్తం పోతుంది. ఇఫ్ లైన్ అయితే దాని కింది బ్లాక్ పోతుంది. అంటే డెఫ్ లైన్లో పాస్‌వర్డ్ అనే మాట ఉన్న ప్రతి ఫంక్షన్‌నీ నా చేతులతో నేనే దాచేశాను.

ప్యాటర్న్‌కి ముందు క్యారెట్ గుర్తు, ఖాళీల కోసం బ్యాక్‌స్లాష్ ఎస్ స్టార్, చివర డాలర్ గుర్తు పెడితే, లైన్లో పాస్ ఒక్కటే ఉన్నప్పుడే పట్టుకుంటుంది. నిజం చెప్పాలంటే నేను ఆ లైన్‌నే తీసేశాను. ఇప్పుడు నా జాబితాలో ఉన్నవి రెండే: ప్రోగ్రామ్ నడిచేటప్పుడు నడవని టైప్ చెకింగ్ ఇఫ్ బ్లాకు, 'ఇది ఇంకా రాయలేదు' అని చెప్పే నాట్ ఇంప్లిమెంటెడ్ ఎర్రర్‌ని రైజ్ చేసే లైన్.

[తెర మీద: హెచ్‌టీఎంఎల్ రిపోర్ట్, ఎక్స్‌క్లూడెడ్ కాలమ్]

మీ ప్రాజెక్ట్‌లో ఇలాంటిదేమైనా ఉందేమో ఇప్పుడే చూసుకోండి. కవరేజ్ హెచ్‌టీఎంఎల్ కమాండ్ నడిపితే, ఫైళ్ల జాబితాలో ఎక్స్‌క్లూడెడ్ అని ఒక కాలమ్ వస్తుంది. శాతం వైపు చూడకండి, ముందు ఈ కాలమ్ చూడండి. అంకె పెద్దగా ఉన్న ఫైల్ తెరిస్తే వదిలేసిన లైన్లు బూడిద రంగులో బయటపడతాయి.

ఆ రోజు నా వ్యూస్ ఫైల్ తెరిస్తే, లాగిన్ తర్వాత భాగం దాదాపు అంతా బూడిద రంగే.