అరిగిన గాడిలోంచి పాటను తీయడం

అందరికీ నమస్కారం. అరిగిపోయిన పాత గ్రామఫోన్ రికార్డుల్లోంచి పాటలను తీసి మళ్ళీ విడుదల చేయడం ఎలాగో చెబుతాను.

అమెరికా నల్లజాతివారి జానపద సంగీతమైన బ్లూస్ పాడే మిసిసిపీ గాయకుడు ఛార్లీ ప్యాటన్ 1929 జూన్ 14న ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో ఒక్కరోజే 14 పాటలు పాడాడు. వాటిని అమ్మింది పారమౌంట్ లేబుల్. దాని యజమాని విస్కాన్సిన్ చైర్ కంపెనీ. కుర్చీలూ బల్లలూ చేసే ఆ సంస్థ గ్రామఫోన్ పెట్టెలూ చేసేది, వాటికి తోడుగా రికార్డులు వేసింది. 1932లో రికార్డింగు ఆగిపోయింది. రికార్డులను నొక్కి తీసే లోహపు అచ్చులు చాలామటుకు మిగల్లేదు. పెద్ద కంపెనీల పాటలకు అప్పుడప్పుడు అచ్చు దొరుకుతుంది, దాన్నుంచి శుభ్రమైన ధ్వని తీయవచ్చు. ప్యాటన్ పాటలకు ఆ అదృష్టం లేదు. ఎవరింట్లోనో ఉక్కు ముల్లు కింద అరిగిన రికార్డే మనకు మూలం.

అందుకే నా వాదన ఇది: గరగర శబ్దాన్ని ఎప్పుడైనా తగ్గించుకోవచ్చు. గాడిలోంచి ధ్వనిని తీసే ఆ మొదటి గంటలో చేసిన తప్పును మాత్రం తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దిద్దలేదు.

ముందు కడగడం. ఈ రికార్డులు లక్కతో చేసినవి. ఆ లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచే వెళ్ళేది. అందులో రాతిపొడి, మసి, నూలుపీచు కలిపేవారు. వడ్రంగులు లక్కను స్పిరిట్‌లో కరిగించి చెక్కకు పాలిష్ పెట్టడం మీరు చూసే ఉంటారు. ఆల్కహాల్ తగిలితే రికార్డు గతీ అంతే. తర్వాతి కాలపు ప్లాస్టిక్ రికార్డులైన ఎల్పీల కోసం అమ్మే ద్రావణాల్లో చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది, సీసా మీది చీటీ చదవకుండా వాడకండి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో ఆల్కహాల్ లేని తేలికపాటి డిటర్జెంట్ కొన్ని చుక్కలు చాలు. మెత్తటి బ్రష్‌ను గాడి వెంట గుండ్రంగానే నడపాలి, అడ్డంగా కాదు. లేబుల్ తడవకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి కడిగి వెంటనే ఆరబెట్టాలి. పాత కొలంబియా రికార్డుల్లో పొరల మధ్య కాగితం ఉంటుంది. పగులు ఉంటే నీళ్ళు అందులోకి దిగి కాగితం ఉబ్బుతుంది. వాటిని తడపకుండా పొడి బ్రష్‌తో దులపడమే మంచిది.

ఇక సూది. ఎల్పీ సూది మొన వ్యాసార్ధం అంగుళంలో సుమారు వెయ్యో వంతు ఉంటుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ పాత రికార్డుకు దాదాపు మూడింతలు కావాలి. సన్న సూది పెడితే గాడి అడుగున ఉన్న చెత్తలో ఈదుతూ పోతుంది, పాట కన్నా బుసబుస ఎక్కువ వినిపిస్తుంది. నిజమైన కిటుకు ఇక్కడే ఉంది. పాత ఉక్కు ముల్లు గాడి గోడలో ఒకే ఎత్తున రాసుకుని ఆ మేర మాత్రమే అరగదీసింది. దానికి కొంచెం పైనో, కొంచెం కిందో గోడ ఇంకా కొత్తగానే ఉంటుంది. అందుకని అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 2.3 నుంచి 3.5 దాకా నాలుగైదు సైజుల సూదులు దగ్గర పెట్టుకుని, పాటలో గట్టిగా పాడిన ఒకే చోటును ఒక్కొక్కదానితో వినాలి. ఒక సూదికి గొంతు బొంగురుగా పగిలిపోతుంది, పక్క సైజుకే మాట విడివిడిగా తేలుతుంది. పాత గ్రామఫోన్ తల వంద గ్రాములకు పైగా బరువుతో కూర్చునేది. ఇప్పుడు 3 నుంచి 5 గ్రాములు చాలు.

రికార్డు మోనో అయినా సూది ఊపును విద్యుత్తుగా మార్చే స్టీరియో కార్ట్రిడ్జ్‌తోనే తీయండి. గాడికి రెండు గోడలు, రెండూ సమానంగా అరగవు. రెండు ఛానెళ్ళూ విడిగా ఉంటే తర్వాత బాగున్న గోడను ఎంచుకోవచ్చు. ఆ సంకేతాన్ని పెంచే ప్రీయాంప్‌లో ఎల్పీలకు హెచ్చుతగ్గు స్థాయిలు సరిచేసే ఆర్‌ఐఏఏ దిద్దుబాటు ఉండకూడదు. అది 10 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 13.7 డెసిబెల్స్ కోసేస్తుంది, స, శ లాంటి అక్షరాలు మొద్దుబారతాయి. దిద్దుబాటు లేకుండా 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా దాచి, మంద్ర స్థాయి పెంపు ఏదైనా దాని నకలు మీద చేయాలి.

వేగం దగ్గర చాలా పునర్ముద్రణలు బోల్తా పడ్డాయి. 78 అని పేరే గాని, అమెరికాలో ప్రమాణ వేగం 78.26. పైగా రికార్డింగు యంత్రం ఆ వేగంతోనే తిరిగిందని నమ్మకం లేదు. 74 చుట్లతో చెక్కిన దాన్ని 78.26తో తిప్పితే 3 నిమిషాల పాట 2 నిమిషాల 50 సెకన్లకు అయిపోతుంది, ఒకటో శ్రుతిలో పాడింది దాదాపు ఒకటిన్నరగా వినిపిస్తుంది. గాయకుడి వయసే మారిపోయినట్టుంటుంది. గిటార్‌ను ఏ శ్రుతికైనా బిగించుకోవచ్చు కాబట్టి అది సాక్ష్యం కాదు. పియానో కొంత నయం, దాని శ్రుతి పాటపాటకూ మార్చేది కాదు. 1930లో విస్కాన్సిన్‌లోని గ్రాఫ్టన్‌లో ప్యాటన్, అతని తోటి గాయకులు సన్ హౌస్, విల్లీ బ్రౌన్‌లతో పాటు లూయీస్ జాన్సన్ పియానో వాయిస్తూ పాడింది. లేబుల్ పక్కన చెక్కిన మ్యాట్రిక్స్ నంబర్లు (రికార్డింగు గుర్తింపు సంఖ్యలు) చూసి ఒకే సెషన్ పాటలను కలిపి పెట్టుకుంటే, ఆమె పియానో మిగతావారి వేగానికి ఆనవాలు అవుతుంది.

నడిమి రంధ్రం పక్కకు పోయి ఉంటే మరో చిక్కు. సూది చేయి సెకనుకు 1.3 సార్లు ఊగుతుంది, దానితో పాటు స్వరమూ ఊగుతుంది. లోపలి గాళ్ళలో, 60 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దగ్గర, 1 మిల్లీమీటరు తేడా అంటే పావు మెట్టుకు మించి శ్రుతిభంగం. నడిమి కడ్డీ ఊడదీసే టర్న్‌టేబుల్ మీద రికార్డును వేలితో కొద్దికొద్దిగా జరుపుతూ, చేయి నిలకడగా నిలిచేదాకా సర్దాలి.

టపటపలను ఏరివేసేటప్పుడు చేతితో ఏరడమే మేలు. యంత్రానికి వదిలేస్తే బాంజో అనే వాద్యం తీగను మీటిన తొలి శబ్దాన్ని కూడా టపటపే అనుకుని కోసేస్తుంది. బుసను మితిమీరి తగ్గిస్తే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టవుతుంది. కొంచెం బుస ఉండనివ్వండి, చెవి రెండు నిమిషాల్లో దాన్ని మరిచిపోతుంది.

హక్కుల సంగతి క్లుప్తంగా. 2018 నాటి అమెరికా చట్టం ప్రకారం 1923 నుంచి 1946 దాకా విడుదలైన రికార్డులకు వందేళ్ళ రక్షణ. 1929లో వచ్చిన రికార్డు 2030 జనవరి 1న స్వేచ్ఛగా వాడుకోవచ్చు. పాట రచన మీద హక్కు వేరు, దాన్ని విడిగా చూసుకోవాలి.

పునర్ముద్రణ వెంట వేసే పుస్తకంలో రికార్డు నంబరు, మ్యాట్రిక్స్ నంబరు, వాడిన సూది, తిప్పిన వేగం, ఎన్ని ప్రతుల నుంచి అతికించారో తప్పక అచ్చువేయండి. 1952లో ఫోక్‌వేస్ కంపెనీ విడుదల చేసిన హారీ స్మిత్ పాత జానపద రికార్డుల సంకలనంలో 84 పాటలకూ ఆయన అసలు రికార్డు వివరాలు ఇచ్చాడు. ఆ గాయకులను వెతికిన తర్వాతి తరానికి అలాంటి వివరాలు ఆసరా అయ్యాయి.

సన్ హౌస్ రికార్డు పారమౌంట్ 13096 దశాబ్దాల పాటు ఎవరికీ దొరకలేదు. చివరికి ఒక ప్రతి బయటపడి 2006లో పునర్ముద్రణ అయింది. విల్లీ బ్రౌన్ పారమౌంట్ 13099 ఇంకా దొరకాల్సి ఉంది. ఏ అటకమీదో అది పగిలి దొరికినా సరే, వెంటనే గ్రామఫోన్ మీద పెట్టి చూడకండి, జిగురుతో అతికించకండి. ముక్కలను ఒకదానికొకటి రాసుకోకుండా విడివిడిగా చుట్టి, ఎండ తగలనిచోట చదునుగా పెట్టండి. టర్న్‌టేబుల్ మీద ముక్కలు చేర్చి, సూది ఎగరకుండా సగం వేగంతో తీసి, తర్వాత కంప్యూటర్‌లో అసలు వేగానికి తేవచ్చు.